నల్లరేగడి మీద ఇటుక: నిలిచిన కట్టడాలు, కరిగిన కోటలు

మంగళగిరిలో ఎటునుంచి చూసినా ముందు కంటికి ఆనేది గాలిగోపురం. పదకొండు అంతస్తులు, 153 అడుగుల ఎత్తు. అడుగున రాయి, పైన ఇటుకా సున్నమూ. 1807–09 మధ్య దాన్ని కట్టించినవాడు అమరావతి జమీందారు రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు. అంతకు కొద్ది ఏళ్ల ముందే ఆయన చింతపల్లి నుంచి మకాం ఎత్తేసి, అమరావతిలో ఊరికి ఊరే కొత్తగా వేయించి, తన నివాసానికి కోట, దివాణం కట్టించుకున్నాడు. గోపురం ఇవాళ్టికీ నిలబడే ఉంది. కోటకు ఆనవాళ్లు మిగిలాయి, అంతే.

కట్టించిన మనిషి ఒకడే, సరుకు ఒకటే, కాలమూ ఇంచుమించు ఒకటే. మరి ఒకటి నిలిచి ఇంకొకటి ఎందుకు పోయింది? గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల ఇటుక కట్టడాల గురించి మాట్లాడాలంటే తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇదే. ఈ మైదానానికి ఇటుకతో రెండు వేల ఏళ్లకు పైబడిన పరిచయం ఉంది. అయినా నూరేళ్లు దాటిన ఇటుక ఇల్లొకటి చూపించమంటే పెద్ద ఊళ్లో కూడా కాసేపు ఆలోచించాల్సి వస్తుంది. కారణం అడిగితే నేల మంచిది కాదంటారు మేస్త్రీలు. వారసులు పంచుకుని పాడుచేశారంటారు ఊరి పెద్దలు. దొరల హయాంలో తవ్వుకుపోయారంటారు చరిత్ర చదివినవాళ్లు. కాపాడే చట్టం లేదంటారు పురావస్తు అభిమానులు. నాలుగింటిలోనూ నిజం ఉంది గానీ నాలుగూ ఒకే బరువు తూగవు.

ముందు నేల సంగతి. పత్తికీ మిరపకీ ఇంతగా అచ్చొచ్చిన నల్లరేగడి ఇటుక గోడకు మాత్రం పగది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. ఎండాకాలం చేలో నెర్రెల్లోకి చెయ్యి దూరిపోతుంది. అదే కదలిక పునాది కింద మొదలైతే ఇంటి నడిమి నేల తేమగా ఉండి, అంచుల నేల ఎండి కుంగుతుంది. గోడ ఆ తేడాకు తట్టుకోలేదు. కిటికీ మూల నుంచి మెట్లు మెట్లుగా, ఇటుకల సందులు పట్టుకుని పైకి పాకే పగులు రేగడి ఇళ్లన్నింటికీ ఉన్న జబ్బే. మేస్త్రీలు దీనికి పాతకాలం నుంచీ చేస్తున్న వైద్యం ఒకటుంది: రేగడిని లోతుగా తవ్వి పారేసి, ఆ కందకంలో ఇసుక పోసి, నీళ్లతో తడిపి, దిమ్మిస చేసి, దాని మీద పునాది లేపడం. అడుగున గొడుగులా విచ్చుకున్న కాంక్రీటు పైల్స్ వేసే పద్ధతిని స్వాతంత్ర్యం తర్వాత రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ తీర్చిదిద్దింది. అప్పటిదాకా పెద్ద ఇంటికైనా ఇసుకే దిక్కు.

రేగడితో ఇటుక కోసినా చిక్కే. పచ్చి ఇటుక నీడన ఆరుతూనే బీటలిస్తుంది. మట్టిలో సున్నపు గడ్డలుంటే అవి ఆవంలో కాలి సున్నమవుతాయి. ఆ తర్వాత మొదటి వానకే పొంగి, కాలిన ఇటుకను లోపలి నుంచి చీలుస్తాయి. అందుకే ఇటుకకు కృష్ణ ఒండ్రు వెతుక్కోవాలి, లేదంటే వాగు గట్టు మట్టో ప్రకాశం వైపు ఎర్రనేలో చూసుకోవాలి. సున్నానికి ఆ బెంగ లేదు. పల్నాటి రాయి ఉండనే ఉంది, పిడుగురాళ్ల బట్టీలు ఇప్పటికీ దాన్నే కాలుస్తున్నాయి.

మంగళగిరి గోపురం గురించి ఒక కథ చెప్పుకుంటారు. కట్టాక అది ఒక పక్కకు ఒరిగిందట. కంచి నుంచి వచ్చిన స్థపతులు ఎదురుగా కోనేరు తవ్వించమన్నారట, తవ్వాక గోపురం మళ్లీ నిటారుగా నిలిచిందట. జరిగిందో లేదో ఎవరికీ తెలియదు. కానీ బరువైన కట్టడం కింద నేల కదులుతుందనీ, ఆ కదలికకు నీటితో సంబంధం ఉందనీ తెలిసినవాళ్లే ఇలాంటి కథ చెప్పగలరు.

అలాగని నేరమంతా నేల మీదికి నెట్టేయడానికి లేదు. ఈ నేలలోనే బౌద్ధ స్తూపాలు శతాబ్దాలు నిలిచాయి.

భట్టిప్రోలు మహాస్తూపం పీఠం అడ్డుకొలత 148 అడుగులు, అండం 132 అడుగులు. క్రీస్తు పూర్వపు కట్టడం. అక్కడ వాడిన పెద్ద ఇటుక 45 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 8 మందం. లెక్క వేస్తే ఒక్కోటి పద్దెనిమిది కిలోల దాకా తూగుతుంది, ఇవాళ్టి తొమ్మిదంగుళాల ఇటుకలు ఐదింటి పెట్టు. ఒంటి చేత్తో అందుకుని తాపీ తిప్పడం కుదరదు, రెండు చేతులతో ఎత్తి కూర్చోబెట్టాల్సిందే. అంత పెద్ద దిమ్మ లోపలిదాకా కాలాలంటే మట్టిలో ఊక కలపాలి. ఊక కాలిపోయిన చోట సన్నని రంధ్రాలు మిగిలి, వేడి లోపలికి దిగుతుంది. పాత ఇటుకను విరిచి చూస్తే వడ్ల పొట్టు అచ్చులు ఇప్పటికీ కనిపిస్తాయి.

నాగార్జునకొండ ఒకప్పుడు గుంటూరు జిల్లా పల్నాడు తాలూకాలోది. అక్కడి మహాస్తూపం అడ్డుకొలత 106 అడుగులు, ఇటుక 20 అంగుళాలు, 10, 3. పురావస్తు అధికారి లాంగ్‌హర్స్ట్ 1927–31 మధ్య తవ్వినప్పుడు బయటపడిన విశేషం లోపలి నిర్మాణం. అది నిండు ఇటుక గుట్ట కాదు. నడుమ కుంభం, చుట్టూ ఆకులు, అంచున కమ్మీ ఉన్న బండిచక్రంలా గోడలు లేపి, ఆ గదుల్లో మట్టి నింపారు. ధర్మచక్రానికి గుర్తు అనేవాళ్లున్నారు. అది నిజమే కావచ్చు గానీ కట్టుబడి కోణం నుంచి చూసినా దానికి అర్థం ఉంది: ఇటుక ఖర్చు తగ్గుతుంది, లోపలి మట్టి తోపుడు అడ్డగోడల మధ్య పంచుకుపోతుంది, ఒక పక్క కుంగినా గుట్టంతా చీలిపోదు. కదిలే నేల మీద కట్టడానికి ఇంతకన్నా తెలివైన ఉపాయం ఈ మైదానంలో తర్వాతెప్పుడూ కనిపించదు.

ఇటుక కొలతలో ఏలుబడి ఆనవాలు కూడా ఉంటుంది. ఇంగ్లండులో 1784లో ఇటుకకు పన్ను వేశారు, వెయ్యి ఇటుకలకు ఇంతని. వెంటనే అక్కడివాళ్లు ఇటుక సైజు పెంచేశారు. తర్వాత పెద్ద ఇటుకకు రెట్టింపు పన్ను పెట్టి సర్కారు ఆ దారి మూసింది. 1850లో గానీ ఆ పన్ను పోలేదు. ఇప్పుడు గుంటూరు మేస్త్రీ నోట వినపడే తొమ్మిదంగుళాల గోడ, నాలుగున్నర గోడ అనే లెక్కలు ఆ దొరల కొలతల నుంచి వచ్చినవే. ‘ఇంగ్లీషు బాండు’ కూడా అలా వచ్చిందే.

స్తూపాలను పడగొట్టింది నేల కాదు, మరో ఇంటి అవసరం. వేంకటాద్రినాయుడు కొత్త ఊరు కట్టే రోజుల్లో పక్కనే దీపాలదిన్నె అనే గుట్ట ఉంది. నిజానికి అది అమరావతి స్తూపం; లోపల కాలిన ఇటుక, చెక్కిన పలకలు. గుట్టను తవ్వి ఆ సరుకును కట్టుబళ్లకు తోలారు. 18వ శతాబ్దం చివర అక్కడికొచ్చిన సర్వేయరు కాలిన్ మెకంజీ ఆ తవ్వకం చూసి వెళ్లి, 1816లో మనుషుల్ని వెంటబెట్టుకుని తిరిగొచ్చేసరికి దిన్నె నడుమ చెరువు గుంట ఉంది. పలకల్లో కొన్ని గుళ్లకీ మసీదులకీ మెట్లయ్యాయి. కొన్నింటిని కాల్చి సున్నం చేశారు. పల్నాటి సున్నపురాయి కదా, బట్టీలో పడితే జాతక కథ చెక్కిన పలకైనా మామూలు రాయైనా ఒకేలా కాలుతుంది. అంటే కొత్త గోడకు ఇటుకా, ఆ ఇటుకల మధ్య సున్నమూ రెండూ పాత స్తూపమే ఇచ్చింది.

తర్వాతి కథ అందరికీ తెలిసిందే. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించాడు, ఆ పలకలు మద్రాసుకూ, అక్కణ్నుంచి లండనుకూ వెళ్లాయి. 1877లో రాబర్ట్ సూయెల్, 1881లో బర్జెస్ వచ్చారు. భట్టిప్రోలుకు మాత్రం జమీందారు అక్కర్లేకపోయింది. కృష్ణా ఆనకట్ట 1855కు పూర్తయ్యాక కాల్వలు, లాకులు, రోడ్ల పనులు ముమ్మరమయ్యాయి. స్తూపం ఇటుక రోడ్డుకూ, పలకలు కాల్వ పనులకూ కరిగిపోయాయి. అలెగ్జాండర్ రీ 1892లో అడుగుదాకా దిగి ధాతుపేటికలను, వాటి మీది బ్రాహ్మీ రాతను బయటికి తీసేనాటికి పైన మిగిలింది కొంచెమే. దొరలే తవ్వుకుపోయారన్న వాదనలో సగం నిజం ఇదీ. మిగతా సగం నాయుడుగారి ఖాతాలో వేయక తప్పదు.

అంతమాత్రాన ఈ మైదానం వాళ్లు ప్రత్యేకంగా విధ్వంసకులని అనుకోనక్కర్లేదు. ఇంగ్లండులో ఇటుక భవనం అనగానే ముందు చెప్పే పేర్లలో హ్యాట్‌ఫీల్డ్ హౌస్ ఒకటి. రాబర్ట్ సెసిల్ దాన్ని 1611కు పూర్తి చేశాడు. అందులోని ఇటుక చాలావరకు పక్కనున్న పాత రాజప్రాసాదానిది. నాలుగు పక్కల్లో మూడింటిని పడగొట్టి వాడుకున్నాడు. కాబట్టి పాత ఇటుకను కొత్త గోడలోకి తేవడం ఎక్కడైనా ఉన్నదే. తేడా అంతా ఆ కొత్త గోడకు తర్వాత ఏం జరిగిందన్న దాంట్లో ఉంది. హ్యాట్‌ఫీల్డ్‌లో సెసిల్ వంశం ఇప్పటికీ ఉంటోంది. అక్కడ ఆస్తి మొత్తం పెద్దకొడుక్కి దక్కే ఆచారం ఉండేది. ఇల్లు ముక్కలయ్యే అవకాశం తక్కువ.

అమరావతిలో ఆ కథ ఇంకోలా నడిచింది. వేంకటాద్రినాయుడికి సంతానం లేదు. జగన్నాథబాబును దత్తు తీసుకున్నాడు, ఆ దత్తపుత్రుడు ఉండగానే రామనాథబాబునూ తీసుకున్నాడు. నాయుడు పోయాక తగాదా కోర్టుకెక్కి, లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. మొదటి దత్తపుత్రుడు బతికుండగా రెండో దత్తత చెల్లదని 1846లో తీర్పు వచ్చింది. హిందూ దత్తత చట్టంలో రంగమ్మ – అచ్చమ్మ కేసుగా లాయర్లు ఇప్పటికీ దాన్ని ఉదహరిస్తారు. తీర్పు గొప్పదే, అయితే అది వచ్చేనాటికి గెలుచుకోవడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. నడుమ 1832–33 కరువు గుంటూరును ఊడ్చేసింది. శిస్తు బకాయిల కింద 1840ల్లో ఈ ప్రాంతపు జమీందారీలు సర్కారు చేతికి పోయాయి. వాటి పరిస్థితి మీద విచారణ జరిపిన అధికారి ఎవరో కాదు, అమరావతి దిన్నె తవ్వించిన ఇలియటే. రాబడి లేని చోట వెయ్యి గడపల దివాణానికి ఏటేటా సున్నం వేయించేదెవరు?

ఇక గోపురం సంగతి. దేవుడికి వారసులుండరు, భాగపంపకాలుండవు. మాన్యాలుంటాయి, ఉత్సవాలుంటాయి, పగులు కనపడితే చందాలు పోగవుతాయి. పల్నాడులోని చేజర్ల కపోతేశ్వరాలయం ఇందుకు ఇంకా పాత సాక్షి. ఏనుగు వీపులా వెనక గుండ్రంగా తిరిగిన ఇటుక గర్భాలయం అది, ఆ ఆకారమే బౌద్ధ చైత్యాన్ని గుర్తుచేస్తుంది. పూజ ఆగలేదు కాబట్టి గోడా నిలిచింది. చుట్టుపక్కల అదే కాలపు ఇటుక విహారాలు దిబ్బలైపోయాయి. ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మ ఒడ్డు చందవరం స్తూపం కూడా ఈ దిబ్బల జాబితాలోదే. 1960ల దాకా దాని సంగతి బయటి ప్రపంచానికి తెలియలేదు.

కృష్ణా ఆనకట్ట తర్వాతి వందేళ్లలో మాగాణి డబ్బుతో లేచినవి మండువా లోగిళ్లు. నడుమ వానా ఎండా పడే వాకిలి, నాలుగు పక్కలా పంచలు, వీధి వైపు అరుగు. బర్మా టేకు స్తంభాలు, పైన గూనపెంకులు. బాసెల్ మిషన్ 1860ల్లో మొదలుపెట్టిన మంగళూరు పెంకులు పోనుపోను వాటి స్థానంలోకి వచ్చాయి. గోడలు ఇటుకవే గానీ చాలా ఇళ్లలో ఇటుకల మధ్య బంకమట్టే ఉండేది, సున్నం పైపూతకే. పూత ఊడి నీళ్లు దిగితే మట్టి కరిగి గోడ కూర్చుంటుంది. డబ్బున్నవాళ్లు గానుగ సున్నం వాడేవాళ్లు. గుండ్రని కాలువలో సున్నమూ ఇసుకా పోసి, ఎద్దులతో రాతి చక్రం తిప్పించి, వెన్నలా నూరి, కరక్కాయ ఊరిన నీళ్లూ బెల్లమూ కలిపేవాళ్లు. ఆఖరి పూతకు గుడ్డు సొన. రోజుల తరబడి గులకరాయితో రుద్దితే గోడలో ముఖం కనపడేది.

1842లో గుంటూరుకొచ్చిన లూథరన్ మిషనరీలూ, కలెక్టరు కచ్చేరీ దొరలూ ఇదే ఇటుకను ఇంకోరకంగా వాడారు. వాకిలిని ఇంటి నడుమ నుంచి తీసేసి, వరండాగా ఇంటి చుట్టూ తిప్పారు. పైకప్పుకు మద్రాసు పద్ధతి: టేకు దూలాల మీద అడ్డవాసాలు, వాటి మీద సన్నని ఇటుకను అంచు మీద నిలబెట్టి ఏటవాలుగా పేర్చి, పైన ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు పోసి, ఆడకూలీలు వరసగా కూర్చుని కర్రపలకలతో పాటల వరసన కొట్టేవాళ్లు. అరవై ఏళ్లయినా కారని డాబాలు అలా తయారయ్యాయి. కారడం మొదలైందంటే మాత్రం వాసం పుచ్చిందన్నమాట. అప్పుడు సిమెంటు పూత పూస్తే తేమ లోపలే ఉండిపోయి మిగతా వాసాలూ పోతాయి. సున్నపు కట్టడానికి సిమెంటు వైద్యం చేసి చంపిన బంగళాలు ఈ జిల్లాల్లో కొల్లలు. బాగుచేయాలన్న మంచి మనసే ఇక్కడ చెరుపు చేసింది.

చట్టం మాటకొస్తే ఒక ముచ్చట చెప్పుకోవాలి. లింకన్‌షైర్‌లో టాటర్‌షాల్ అనే ఇటుక కోటబురుజు ఉంది, 15వ శతాబ్దంలో రాల్ఫ్ క్రామ్‌వెల్ కట్టించాడు. 1911లో దాని రాతి నెగడుగూళ్లను పీకి అమెరికాకు అమ్మేసే బేరం జరిగింది. అడ్డుపడి బురుజును కొని, పీకిన సరుకును వెతికించి మళ్లీ బిగింపించిన పెద్దమనిషి కర్జన్. మన వైస్రాయిగా 1904లో పురాతన కట్టడాల పరిరక్షణ చట్టం తెచ్చిందీ ఆయనే. అంతటి ఇంగ్లండులోనూ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మరణ పన్నులకు తాళలేక వందలాది పల్లెభవనాలు నేలమట్టమయ్యాయి. 1974లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఆ కూల్చివేతల మీదే ఒక ప్రదర్శన పెట్టాల్సి వచ్చింది. మిగిలినవాటిలో చాలా భాగాన్ని నిలబెట్టింది నేషనల్ ట్రస్టు, టిక్కెట్టు కొని చూడ్డానికొచ్చే జనం.

మనకు 1904 చట్టం, తర్వాత 1958 చట్టం స్తూపాలనూ గుళ్లనూ కోటలనూ పట్టించుకున్నాయి గానీ మనుషులు కాపురమున్న ఇంటి జోలికి పెద్దగా రాలేదు. మండువా ఇల్లు అన్నదమ్ముల మధ్య గోడలు లేచి, వాకిలి మూసుకుపోయి, ఆఖరికి కలపకు అమ్ముడుపోతుంది. స్తంభాలూ గుమ్మాలూ రిసార్టులకు వెళ్తాయి, ఇటుక పల్లం పూడ్చడానికి వెళ్తుంది. చట్టం లేకపోవడం లోపమే, కానీ అసలు లోపం వేరే ఉంది: ఆ ఇల్లు నిలబడి ఉంటే వచ్చేదానికన్నా పడగొడితే వచ్చేది ఎక్కువ.

ఈ లెక్క నిజమని చెప్పడానికి పొగాకు బ్యారన్‌ను మించిన రుజువు లేదు. వర్జీనియా ఆకును వేడిగాలితో ఆరబెట్టే పద్ధతిని 1920ల్లో ఐఎల్‌టీడీ కంపెనీ ఈ మైదానానికి తెచ్చింది. ఒంగోలు, కొండపి, టంగుటూరు, కందుకూరు చేలల్లో కిటికీల్లేకుండా నిలువుగా లేచిన ఇటుక గదులు అప్పటి బీజమే. వాస్తు అంతా పని కోసమే: బయట పొయ్యి నోరు, లోపల నేల వెంట తిరిగే రేకు గొట్టాలు, పైన అంతస్తులుగా దంతెలు, వాటి మీద ఆకు కట్టిన కర్రలు. గోడకు సందు ఉండకూడదు, వేడి జారిపోతుంది. మొదట గోరువెచ్చని వేడిలో ఆకును పండించి, రంగు నిలిపి, ఆఖరున ఈనె ఎండేదాకా డెబ్బై డిగ్రీలకు తీసుకెళ్లాలి. ఆ కొద్ది రోజులూ రాత్రింబగళ్లు పొయ్యి దగ్గర మనిషి ఉండాల్సిందే. 1976లో గుంటూరులో పొగాకు బోర్డు వచ్చాక బ్యారన్‌కు లైసెన్సు, బ్యారన్‌కు ఇంత పంట అన్న లెక్క ఏర్పడ్డాయి. దాంతో ఆ ఇటుక గదికి కాగితం విలువ తోడైంది. పడగొట్టాలంటే రైతు రెండుసార్లు ఆలోచిస్తాడు, తను వేయకపోతే కౌలుకిస్తాడు. అందచందాలు చూసి ఎవరూ కాపాడలేదు, అయినా వరసలు వరసలుగా నిలిచే ఉన్నాయి.

గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీలది దీనికి తిరగబడ్డ వాస్తు. అదే కిటికీల్లేని గోడ, కాకపోతే ఇక్కడ వేడిని బయటే ఆపాలి. గోడ లోపల థర్మోకోల్ పొర, అంతస్తుల నిండా గోనె టిక్కీలు, రంగు తగ్గకుండా పురుగు పట్టకుండా చలి. యార్డులో ధర పలికేదాకా సరుకు అక్కడే.

వీటిని చరిత్ర కట్టడాలని ఇప్పుడు అంటే నవ్వుతారు. విజయవాడలో 2008 నుంచి ప్రణాళిక, వాస్తు విద్యాలయం ఉంది. మండువాల కొలతలు తీసుకునే విద్యార్థులు బ్యారన్‌కూ టేపు పట్టాల్సిన వేళ వచ్చింది. కేంద్ర చట్టం పురాతన కట్టడానికి అడిగే వయసు నూరేళ్లు. 1920ల్లో కట్టిన తొలి బ్యారన్లలో ఏదైనా ఇంకా పొయ్యి రాజుకుంటూ ఉంటే, దానికి ఆ వయసు ఈ దశకంలోనే నిండుతుంది.